ఇల్లూ వాకిలీ: అవ్వ జాడీకి బంగారు పూత

విరుదునగరం నుండి ఒక సోదరి పోయిన నెలలో మాకు ఉత్తరం వ్రాసినారు. వారి అమ్మాయికి తై నెలలో పెళ్ళి. ఇంట్లో అమ్మాయి అవ్వ కాలంనాటి ఊరగాయ జాడీ ఒకటి వున్నది. మెడ దగ్గర గోధుమరంగు, పొట్ట తెలుపు, మూతకు చిన్న గుబ్బ. అటువంటి జాడీని చూడనివారు మన ఇళ్ళలో వుండరు. దానిమీద బంగారు తీగలు వేయించి, సారెతో పాటు అమ్మాయికి ఇచ్చి పంపవలెనని ఆ తల్లి కోరిక. "పింగాణికి బంగారు పూత వేస్తారట గదా, అది నిజంగా బంగారమేనా? వేయించిన తరువాత అందులో ఊరగాయ పెట్టుకోవచ్చునా? పాత జాడీకి కూడా వేస్తారా?" అని మూడు ప్రశ్నలు అడిగినారు.

మూడింటికీ మూడు ముక్కలలో జవాబు వ్రాసి కార్డు వేసి వుందుము. కాని ఇటువంటి కోరికతోనే కోవిల్‌పట్టిలో మాకు తెలిసిన ఒక ఇంట ఒక జాడీ పోయినది. ఆ సంగతి జ్ఞాపకం వచ్చి, మరి నలుగురికీ ఉపయోగపడునని ఈ నెల ఈ పుటలోనే వివరంగా వ్రాస్తున్నాము.

ముందుగా ఆ మెరుపు ఎక్కడిదో తెలుసుకోవలెను. పింగాణి మీద లోహపు మెరుపు తెప్పించడానికి ముఖ్యంగా రెండు దారులు వున్నవి. ఒకటి పొగతో తెప్పించేది, చాలా పాతది. రెండవది సీసాలో కొని తెచ్చి పూసేది, దానికి ఇంకా రెండు వందల ఏళ్ళు నిండలేదు.

పొగ దారి ఇట్లా వుంటుంది. మట్టిపాత్రను ఒకసారి కాల్చి, గాజుపూత పోసి, రెండవసారి కాలుస్తారు. నిప్పులో ఆ పూత కరిగి, పాత్ర ఒంటికి అంటుకొని, సన్నని గాజుపొర అవుతుంది. పూతలో తగరపు భస్మం కలిపితే ఆ పొర పాలవలె తెల్లగా వస్తుంది. ఇక దానిమీద వెండినీ రాగినీ మందుగా మార్చి, కావిమన్నుతో నూరి, కుంచెతో లతలూ పక్షులూ వేసి, మూడవసారి బట్టీలో పెడతారు. ఈ మూడవ నిప్పు మెల్లని నిప్పు, సుమారు 600 మొదలు 650 డిగ్రీల సెంటీగ్రేడు వరకు. సరిగా ఆ వేడి అందుకొన్నపుడు బట్టీకి గాలి తగ్గించి పొగ పెడతారు. గాలి చాలని మంట తనకు కావలసిన ప్రాణవాయువును ఆ మందులోనుంచే లాగుకొంటుంది. అప్పుడు మిగిలేవి కంటికి కనబడనంత చిన్న వెండి, రాగి రేణువులు. అవి గాజుపొర పైభాగంలో చిక్కుకొని నిలిచిపోతాయి.

బట్టీనుండి తీసిన పాత్ర మసిబారి, మట్టి అంటుకొని, చూడబుద్ధి కాకుండా వుంటుంది. చల్లారిన తరువాత గుడ్డతో రుద్దితే ఆ మట్టి రాలి, కింద నుంచి బంగారు వన్నె బయటపడుతుంది. వెలుతురు పడే వైపును బట్టి కొన్నింటిలో ఎరుపూ, పచ్చా, నీలమూ కనిపిస్తాయి. ఆ మెరుపు పొర మందం తలవెంట్రుకలో నూరవ వంతుకు మించదు. చిత్రమేమంటే, బంగారంవలె మెరిసే ఈ పనిలో బంగారం గురిగింజ ఎత్తు కూడా లేదు.

ఈ విద్యను పింగాణి మీద మొదట సాధించినవారు 9వ శతాబ్దంలో ఇరాక్ దేశపు కుమ్మరులు. అక్కడినుండి ఈజిప్టుకు, ఇరానుకు, స్పెయినుకు, ఇటలీకి పోయినది. ఇరానులో కాషాన్ అనే ఊరు దీనికి పేరు పొందినది. ఆ ఊరి కుమ్మరుల కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం అనే ఆయన 1301లో ఈ పనిని గురించి వ్రాస్తూ, దీనిని రెండు నిప్పుల పని అన్నాడు. ఇటలీలో పిక్కోల్పాస్సో అనే ఆయన 1557 ప్రాంతంలో కుమ్మరిపనిని గురించి ఒక గ్రంథం వ్రాసినాడు. నూరు పాత్రలు ఈ నిప్పులో పెడితే ఆరు మంచివి రావడం కూడా కష్టమే అని అందులో చెప్పినాడు. పొగ ఒక ఘడియ ఎక్కువైతే నలుపు, తక్కువైతే ఏమీ లేదు. చేయి తిరిగినవారికే అంత నష్టం వచ్చే పని అన్నమాట.

ఈ విద్యకు మన తెలుగువారితో దూరపు చుట్టరికం ఒకటి వున్నదంటే చదువరులు నమ్ముతారో లేదో. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి ఉపన్యాసాలు వినడానికి బియాట్రిస్ వుడ్ అనే అమెరికా ఆమె 1930 ప్రాంతంలో హాలెండు దేశం పోయినది. అక్కడ హార్లెమ్ అనే ఊరిలో పాతసామాను అంగడిలో ఇటువంటి మెరుపు పళ్ళాలు కొన్ని చూచి ముచ్చటపడి కొన్నది. ఇంటికి వచ్చి, వాటికి జతగా ఒక టీ కూజా కావలెనని వెదికితే దొరకలేదు. తానే చేసుకొందామని 1933లో, తన నలభయ్యవ ఏట, హాలీవుడ్ హైస్కూలులో పెద్దలకు పెట్టిన కుమ్మరిపని తరగతిలో చేరినది. ఆ టీ కూజా పని ఆమెను జన్మంతా వదలలేదు. 1948లో కృష్ణమూర్తిగారు వుండే ఓహై లోయకే కాపురం మారినది. మెరుపు మందును పైన పూయక గాజుపూతలోనే కలిపి, బట్టీకి పొగ పెట్టి, ఎవరికీ రాని వన్నెలు తెప్పించినది. 1961లో అమెరికా ప్రభుత్వం తరఫున మన దేశం వచ్చి తన పాత్రలు ప్రదర్శించి పోయినది. ఆ తరువాత కడవరకు చీరలే కట్టినది. 1998లో, 105 ఏళ్ళు నిండిన తరువాత కాలం చేసినది. నలభై ఏళ్ళకు మొదలుపెట్టిన పనిలో ఇంత పేరు తెచ్చుకొన్న ఆమెను తలచుకొంటే, మనకు వయసు మించిపోయినదని ఏ సోదరీ అనుకోనక్కరలేదు.

ఇక రెండవ దారి. 1830 ప్రాంతంలో జర్మనీలోని మైసెన్ పింగాణి కార్ఖానాలో హైన్రిష్ కూన్ అనే రసాయనిక శాస్త్రజ్ఞుడు బంగారాన్ని ద్రవంగా చేసి కుంచెతో పూసే ఉపాయం కనిపెట్టినాడు. మన షోకేసులలో వుండే కప్పు సాసర్లకు బంగారు అంచు వచ్చినది ఎక్కువగా ఈ దారినే. ఆ ద్రవం బెల్లపు పాకంవలె ముదురు గోధుమరంగుగా, ఘాటైన వాసనతో వుంటుంది. అందులో బంగారం నూటికి సుమారు పది పాళ్ళు. మిగిలినవి జిగురూ నూనెలూ. గాజుపూత మీద దీనితో వ్రాసి, 700 మొదలు 800 డిగ్రీల వేడిలో కాలిస్తే జిగురు కాలిపోయి బంగారం నిలుస్తుంది. దీనికి పొగ పనికిరాదు, గాలి కావలెను. వేడెక్కే మొదటి గంటలలో బట్టీ మూత కొంచెం తెరిచి వుంచి ఆవిరిని బయటికి పోనీయవలెను. ఆ ఆవిరి మనిషికి మంచిది కాదు. పూత పలచనైతే ఊదారంగుకు తిరుగుతుంది. మందమైతే పొట్టు లేస్తుంది. పూయబోయే చోట వేలిముద్ర పడినా, కాలిన తరువాత అది మచ్చగా బయటపడుతుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. బట్టీలో కాల్చిన ద్రవబంగారం నిజమైన బంగారమే, కాని కరిగించి అమ్ముకొనేటంత కాదు. అంగళ్ళలో చౌకగా దొరికే జాడీల మీద కనబడే బంగారం చాలావరకు ఉత్త రంగు. గోటితో గీరితేనో, గోళ్ళరంగు తీసే ద్రవంలో ముంచిన దూదితో తుడిస్తేనో వచ్చేస్తుంది. కాల్చిన బంగారం వాటికి రాదు. కాని పీచుతోను బూడిదతోను తోమితే అదీ అరిగిపోతుంది. ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండూ ఉప్పూ పెట్టి దీనిని తోమకూడదు. మెత్తని గుడ్డా, కొంచెం సబ్బునీళ్ళూ చాలును. లోహం వున్నది గనుక మైక్రోవేవు పొయ్యిలో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, జాగ్రత్త.

రెండవ ప్రశ్న ఊరగాయది. గాజుపూత మీద వేసే రంగులు అంటుకొనడానికి సీసం కలిపిన మందులు వాడే అలవాటు చాలాకాలం వున్నది, ఇప్పటికీ కొన్నిచోట్ల వున్నది. పులుపూ ఉప్పూ కలిసి నెలల తరబడి తగిలితే ఆ సీసం కొంచెం కొంచెంగా తిండిలోకి దిగుతుంది. అది పసిపిల్లలకు మరీ చెడుపు. కాబట్టి మెరుపు గాని, రంగు బొమ్మ గాని జాడీకి వెలుపలనే వుండవలెను. లోపలా, అంచు మీదా, మూత అడుగునా కూడదు.

మూడవ ప్రశ్నకే కోవిల్‌పట్టి సంగతి చెప్పవలెను. మాకు పెద్దమ్మ వరస అయిన ఒక ఆమె, మనుమరాలి ముచ్చట తీర్చడానికి తన అత్తగారి జాడీని వేరే ఊరిలో పింగాణి కాల్చేవారి వద్దకు పంపినారు. పూత పని బాగానే చేసినారట. కాని బట్టీ తెరిచేసరికి జాడీ మెడనుంచి అడుగుదాకా చీలి వున్నది. తెల్లని పొట్ట మీద నల్లని బొబ్బలు లేచినవి. కాల్చినవారిని తప్పుపట్టి లాభం లేదు. నలభై యాభై ఏళ్ళు ఉప్పూ నూనే పోసిన జాడీలో, కంటికి కనబడని బీటలగుండా ఆ తడి ఒంటిలోకి దిగి వుంటుంది. వేడి తగలగానే అది ఆవిరై, దారి లేక గాజుపూతను ఎత్తుతుంది. పైగా 573 డిగ్రీల దగ్గర మట్టిలోని పలుగురాతి రేణువులు ఒక్కసారి వ్యాకోచిస్తాయి. కొత్త పాత్ర దానిని తట్టుకొంటుంది, లోపల బీట వున్న పాత్ర తట్టుకోదు. 

మేము పలకరించపోయినపుడు ఆ పెద్దమ్మ చీలిన జాడీని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి వున్నారు. "మా అత్త దీన్ని ఒళ్ళో పెట్టుకొని రైల్లో వచ్చిందిరా. రైల్లో పగలందాన్ని మేమే నిప్పులో పెట్టినాము" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. మాకు కాఫీ ఇచ్చి, వేరే మాటలలో పడినారు.

ఇది మనసులో వుండబట్టి, జవాబు వ్రాసే ముందు జాడీని చూడవలెనని మేము ఒక ఆదివారం కోవిల్‌పట్టిలో రైలెక్కి, సాత్తూరు దాటి విరుదునగరం పోయినాము. జాడీని బల్లమీద పెట్టి వేలి కణుపుతో తట్టి చూచినాము. గట్టి జాడీ అయితే గంటవలె ఖంగుమంటుంది. ఇది బొంగురుగా పలికినది. వెలుతురుకు తిప్పి చూస్తే మూతి దగ్గర వెంట్రుకవాసి బీట. "అమ్మా, దీనిని నిప్పులో పెట్టవద్దు" అన్నాము. ఆ తల్లి ముఖం చిన్నబోయినది.

అప్పుడు పెళ్ళికూతురు లోపలనుండి వచ్చినది. చెన్నైలో ఉద్యోగం. శనివారాలు అక్కడ ఒక పింగాణి స్టూడియోలో పని నేర్చుకొంటున్నదట. "జాడీ ఇట్లానే వుండనీమ్మా. నేను కొత్త తెల్ల పళ్ళెం ఒకటి తీసుకొని, దానిమీద అవ్వ పేరు బంగారుతో వ్రాస్తాను. జాడీ కింద పెట్టుకొంటాను" అన్నది. ఒక క్షణం ఆగి, "తెలుగులో వ్రాయాలని ఆశ. నాకు మాట్లాడను వస్తుంది గాని వ్రాయను రాదు. మీరు వ్రాసి ఇస్తారా?" అని మమ్ములను అడిగినది.

మేము కాగితం మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చినాము. ఆ అమ్మాయి దానిని చూచి కింద ఒకసారి వ్రాసినది, తలకట్టు పడలేదు. ఈ ద్రవంతో వ్రాసినపుడు తప్పు వస్తే కాల్చక ముందు తుడిచివేయవచ్చుననీ, కాల్చిన తరువాత దిద్దడం సులభం కాదనీ చెప్పినాము. "అయితే ముందు కాగితం మీదే చేయి తిప్పుకొంటాను" అని కూర్చున్నది. మేము భోజనం చేసి లేచేసరికి నోటు పుస్తకంలో రెండు పుటలు నిండినవి. చివరి వరుసలలో తలకట్టు సరిగా పడినది. కింద తనంతట తానే "అవ్వ" అని కూడా వ్రాసినది. ఆ పుటను తల్లి చాలాసేపు చూచినారు. జాడీకి బంగారు పూత మాట మళ్ళీ ఎత్తలేదు. "అయితే జాడీలో ఊరగాయ పెట్టి పంపుతాను" అన్నారు. మూతి దగ్గరి బీట సన్నదైనా అందులోకి తడి దిగుతుంది గనుక పులుపు వద్దని, ఎండుమిరపకాయలో, పొట్లం కట్టిన ఉప్పో పోసి పంపమని చెప్పి వచ్చినాము.

మన చదువరులు కూడా ఇంట్లో వున్న పాత జాడీలను ఒకసారి తట్టి చూడండి. ఖంగుమన్నదానిలో ఊరగాయ పెట్టండి, బొంగురుగా పలికినదానిలో పొడి సరుకు పోయండి. బంగారం కావలెనంటే కొత్త పళ్ళానికి వేయించండి. దానిమీద వ్రాసే పేరు తెలుగులో కావలసి, అక్షరాలు రాని పిల్లలు వుంటే, ఆ పేరు మాకు వ్రాసి పంపండి. పెద్ద అక్షరాలలో వ్రాసి పంపుతాము.