విద్యార్థి వేషమును వాయిదా పద్దును

కళాశాలలో చదువుకొను కుఱ్ఱవాని వేషమును గూర్చి వ్యాఖ్యానింపని అరుగు మన పట్టణములలో లేదు. జుట్టు ప్రక్కల గొరిగి నడినెత్తిన మాత్రము పెంచినాడనియు, మోకాలికడ చినిగిన పంట్లామును సొమ్మిచ్చి కొన్నాడనియు, సెల్ ఫోనును చేతినుండి దింపకున్నాడనియు పెద్దలు నిట్టూర్చుచుందురు. ఈ నిట్టూర్పు క్రొత్తది కాదు. పిలక తీసి క్రాపు పెట్టించుకొన్న నాడు మన తాతలను వారి తండ్రులు ఇంతకన్న కఠినముగా నిందించిరి. ఆ క్రాపువలన ధర్మము కూలలేదు. నేటి క్షౌరమువలనను కూలదు. కావున వేషము మారినదను విలాపములో మేము గొంతు కలుపజాలము.

మేము విచారింపగోరునది వేఱొకటి. ఆ వేషము ఎవరి సొమ్ముతో వచ్చినది? ఒడలిమీదికి వచ్చునప్పుడు వెంట ఏ బంధమును తెచ్చినది?

ఇంగ్లాండు దేశపు అప్పీలు న్యాయస్థానము 1908 వ సంవత్సరమున తీర్పు చెప్పిన నాష్-ఇన్మన్ వ్యాజ్యమును న్యాయశాస్త్రము చదివినవారెల్ల ఎఱుగుదురు. ప్రతివాది కేంబ్రిడ్జిలో చదువుచున్న మైనరు, తండ్రి భవనశిల్పి. లండను నగరపు దర్జీ యొకడు ఈ కుఱ్ఱవానికి అరువుమీద బట్టలు కుట్టి యిచ్చెను. వానిలో సొగసైన వెయిస్టుకోట్లే 11 ఉండెను! సొమ్ము రాకపోగా దర్జీ దావా వేసెను. మైనరుకు ఆవశ్యకవస్తువులను సరఫరా చేసినవాడు తగిన వెలను రాబట్టుకొనవచ్చునని అచ్చటి చట్టము. కాని కుమారునికి తగిన దుస్తులు అదివఱకే కావలసినన్ని యున్నవని తండ్రి సాక్ష్యమిచ్చెను. తానిచ్చినవి ఆవశ్యకములని దర్జీ రుజువు చేయలేకపోయెను, దావా పోయెను. వెయిస్టుకోటు మంచిదా చెడ్డదా యని న్యాయమూర్తులు విచారింపలేదు సుమా! అది ఆ విద్యార్థి స్థితికి తగునా, అతనికి అదివఱకే చాలినంత యున్నదా, అను రెండు ప్రశ్నలనే వేసిరి.

మన దేశమున 1872 నాటి కాంట్రాక్టు చట్టము 68 వ సెక్షనునందును ఇట్టి నియమమే కలదు. మైనరు చేసికొన్న ఒడంబడిక మొదటినుండియు చెల్లదని 1903 లో మొహరీబీబీ వ్యాజ్యమున ప్రీవీకౌన్సిలు తేల్చినది. పిల్లవానికిని వడ్డీవ్యాపారికిని నడుమ చట్టము కట్టిన గోడ యిది. కాని పిల్లవాని 18 వ జన్మదినమున ఈ గోడ తొలగును. మన పిల్లలు ఇంటర్మీడియటు ముగించి, ఇల్లు విడిచి, నగరములోని హాస్టలు గదిలో అడుగిడునది ఇంచుమించుగా ఆ యేటనే. అందు పెక్కుమందిని అంతవఱకు రెసిడెన్షియల్ కళాశాలలు వేకువనే గంటకొట్టి లేపి, రాత్రి వఱకు చదివించి, గంటకొట్టి పరుండబెట్టినవి. వారికి గణితము వచ్చును. తమ చేతి రూపాయిని తాము లెక్కించుట రాదు. ఆ పాఠము ఎవరును చెప్పలేదు. అట్టి వానిని మనము ఒక్కనాటిలో బజారులో నిలిపి, వెనుకకు తిరిగి చూడక వచ్చుచున్నాము.

బజారు మాత్రము వానిని చూచుచునే యున్నది. పూర్వము అప్పు కావలసినవాడు షావుకారు గడప త్రొక్కవలసి యుండెను. ఆ గడపకడ సిగ్గు వెనుకకు లాగెడిది. నేడు గడప లేదు. బూట్ల చిత్రముక్రిందనే 'సులభవాయిదాలు' అని యుండును. వ్రేలు తాకించిన చాలును. 2020 డిసెంబరులో హైదరాబాదు ప్రాంతమున వెలువడిన ఋణయాపుల దుర్మార్గము మఱచుటకు వీలులేనిది. కొద్ది వేలు అప్పిచ్చి, ఫోనులోని పేర్లన్నియు సంగ్రహించి, బంధుమిత్రులకు ఫోనుచేసి పరువు తీసిరి. ఆ బాధకు తాళలేక కొందఱు ప్రాణములు తీసికొనిన పిమ్మట పోలీసులు ఆ కార్యాలయములపై పడిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమములు చేసినది. ఋణము నేరుగా ఋణగ్రహీత ఖాతాలోనే పడవలెను. ఏడాదికి మొత్తము ఖర్చు శాతమెంతయో ముందుగా వ్రాసి చూపవలెను. మనసు మార్చుకొనుటకు కొంత గడువీయవలెను. ఫోనులోని పేర్ల పట్టికను యాపు ముట్టరాదు. ఈ నాలుగు సంగతులను ప్రతి పఠనమందిరపు గోడమీదను అతికించిన బాగుండును. అయితే నియమములు దొంగను అడ్డగించునేమో కాని కోరికను అడ్డగింపజాలవు. నియమబద్ధమైన అప్పును అప్పే.

ఇచట ఒక ఆక్షేపణ కలదు, అది బలమైనది. "నిరాడంబరత బోధించుట ఉన్నవానికి సులభము. తరతరములుగా ఏ బట్ట కట్టవలెనో ఏది కట్టరాదో ఊరిపెద్దలు శాసింపగా పడియుండిన యింటినుండి మొదటిసారి కళాశాలకు వచ్చిన బాలుడు మంచి చొక్కా తొడిగిన, మీ కన్నులకు అది డంబమా?" అని యడుగుదురు. కాదు. డాక్టరు అంబేద్కరుగారి సూటు డంబము కాదు. అది తలయెత్తి నిలిచిన జాతి ప్రకటన. వేషము మనుష్యుని మర్యాదకు సంబంధించినదని ఒప్పుకొనవలసినదే. విద్యార్థినుల విషయమున పెద్దల నిందలు మఱింత అన్యాయమైనవి. దుపట్టా కొలిచి శీలమును నిర్ణయింపబూనుట సభ్యత కాదు. కాని మర్యాదకొఱకు తొడిగిన చొక్కాయే ప్రతినెలయు అయిదవ తేదీని అప్పులవానికి భయపడునట్లు చేసినయెడల, పోగొట్టుకొన్నది ఆ మర్యాదయే గదా! పేదయింటి బిడ్డకే ఈ వల ఎక్కువ ప్రమాదము. వాని తప్పు తీర్చుటకు తండ్రివద్ద రెండవ పొలము లేదు.

వేషమునకు విలువ ఎట్లు వచ్చునో మన చరిత్రమే చెప్పుచున్నది. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చి యుపన్యసించెను. అచ్చటి విద్యార్థులు 'వందేమాతరం' బిళ్లలను రొమ్మున ధరించి తరగతులకు పోయిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరుదొరకు ఆగ్రహము కలిగెను. పెక్కుమంది శిక్షలపాలైరి, ట్రెయినింగు కళాశాల విద్యార్థియైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. దొరతనమువారి కొలువు ఆశ అంతటితో తీరెను. వారు మఱుసటి యేడు బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడపి కారాగారమునకు పోయిరి. పిమ్మట గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారపోసిరి. ఆ బిళ్ల వెల ఎంత? కొద్ది డబ్బులు. దానిని ధరించుటకు చెల్లించిన మూల్యమో, ఒక జీవనోపాధి. నేడు వేల రూపాయల బూట్లు తొడిగిన విద్యార్థి వానికై తనదిగా ఏమి చెల్లించెనో యోచించుకొనుగాక.

ఒకే కర్మాగారపు ముద్రగల చొక్కాను లక్షమందితోపాటు తొడిగి దానిని తన ప్రత్యేకత యనుకొనుట వింత. ప్రత్యేకతయే కావలెనన్న, శ్రీకాకుళము జిల్లా పొందూరులో దూదిని నేటికిని చేప దవడయెముకతో దువ్వి, చేత వడికి, మగ్గముమీద నేయుచున్నారు. మంగళగిరి కలదు, పోచంపల్లి కలదు. అవి చవుక యని మేము చెప్పము. అయితే ఒకటి కొని, రొక్కమిచ్చి, నాలుగేండ్లు కట్టుకొనవచ్చును. ఆ రొక్కములో నేతగాని యింటికి కొంత చేరును.

విద్యార్థిలోకమంతయు బజారుపాలైనదని యెవరైన ననుకొన్న, హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూడుడు. అన్నపుడబ్బా సంచిలో పెట్టుకొని వచ్చి, ప్రొద్దంతయు పోటీపరీక్షల పుస్తకములమీద వ్రాలియుండు యువకులు అచట నిండియుందురు. వారి కాలిచెప్పులను గూర్చి ఎవరును వార్త వ్రాయరు.

ఇక పెద్దలకు ఒక మాట. కుమార్తె పెండ్లిలో ఇరుగుపొరుగు మెచ్చుటకై వడ్డీకి తెచ్చి పందిళ్లు వేయించిన తండ్రి, అప్పుచేసి పప్పుకూడు తినరాదని కుమారునికి ఉపదేశించిన, ఆ ఉపదేశము చెవి దాటి లోపలికి పోదు. ఎగతాళి మానుడు. ఇంటి ఆదాయమును, చెల్లవలసిన బాకీలను, కళాశాల రుసుమును ఒక కాగితముమీద వ్రాసి, 18 ఏండ్ల బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపుడు. తన యింటి పద్దు ఎఱిగిన బిడ్డకు వేఱు క్రమశిక్షణ అక్కఱలేదు. కళాశాలల యాజమాన్యములును జుట్టు కొలుచుటయే శీలబోధ యనుకొనక, అప్పుపత్రము చదువుట ఒక గంట నేర్పినచో పిల్లలకు మేలు చేసినవగును.

విద్యార్థీ! నీ జుట్టు నీ యిష్టము. నీ చొక్కా రంగు నీ యిష్టము. కాని నీకిపుడు మైనరు రక్షణ లేదు. తండ్రి వచ్చి సాక్ష్యమిచ్చినను దావా కొట్టివేయు న్యాయమూర్తి లేడు. ఇది నా స్థితికి తగునా, నాకు అదివఱకే చాలినంత యున్నదా యను ఆ రెండు ప్రశ్నలను ఇకపై నీవే వేసికొని, నీవే తీర్పు చెప్పుకొనవలయును. స్వాతంత్ర్యమనగా మొదట ఇదియే.