నిప్పుగోడ ఎవరి కోసం?

"ప్రింటరు పని చెయ్యటం లేదా? ఫైర్‌వాల్ ఆపెయ్యండి." ఈ ఉచిత సలహా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆట కలవకపోయినా ఇదే మందు, పక్క కంప్యూటర్లోని ఫైలు కనబడకపోయినా ఇదే మందు. మా ఇంటి రెండు కంప్యూటర్లకూ కలిపి ఒక ప్రింటరు అమర్చటానికి వచ్చిన కుర్రవాడు కూడా ఈ మందే వేసి వెళ్ళాడు. ప్రింటరు పనిచేసింది. తీసిన గడియ తిరిగి వెయ్యాలని అతనికి తోచలేదు. నాలుగు నెలలపాటు నేనూ చూసుకోలేదు. తరువాత అడిగితే, "మీ కంప్యూటర్లో దొంగలు ఎత్తుకుపోయేది ఏముందండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకే నా ఈ జవాబు.

ఫైర్‌వాల్ అన్న మాట కంప్యూటర్లకంటే పాతది. ఆనుకుని ఉన్న కట్టడాల్లో ఒకదాని నిప్పు రెండవదానికి పాకకుండా నడుమ లేపే గోడకు ఆ పేరు. పూరిళ్ళ వరసలో ఒక కప్పు అంటుకుంటే ఏమవుతుందో వేసవి ఎరిగిన మన పల్లెలకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడ "నా ఇంట్లో కాలటానికి ఏముంది?" అనేవాణ్ణి ఊరు క్షమించదు.

2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది. కానీ దాన్ని ఆపి ఉంచి అమ్మారు. వెదికి వేసుకునే భారం కొన్నవాడిది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు వచ్చింది. దానికోసం ఎవరూ ఏ ఉత్తరమూ తెరవలేదు, ఏ లంకే నొక్కలేదు. నెట్‌కు తగిలించి ఉన్న యంత్రాలను వెదుక్కుంటూ 135వ పోర్టు గుండా అదే దూరింది. అరవై సెకన్లలో యంత్రం ఆగిపోతుందని తెరమీద లెక్క మొదలయ్యేది. సోకిన ప్రతి యంత్రమూ మరో యంత్రం కోసం వెదికేది. పైగా ఆగస్టు 16న అవన్నీ కలిసి, మైక్రోసాఫ్ట్ మరమ్మతులు అందించే చిరునామా మీద దాడి చెయ్యాలన్న ఆజ్ఞ దాని కడుపులోనే ఉంది. అంటే దొంగకు కావలసింది మన ఫొటోలు కాదు, మన యంత్రమే. నిజానికి ఆ లోపానికి మరమ్మతు జూలైలోనే వచ్చింది. అది వేసుకోని వారిని సైతం ఒక్క గడియ కాపాడి ఉండేది.

గడియ వేసి ఇవ్వాలన్న జ్ఞానం తయారీదారుకు కలగటానికి 2004 ఆగస్టు దాకా, అంటే రెండవ సర్వీస్ ప్యాక్ దాకా పట్టింది. ఉబుంటు నేటికీ ఆపి ఉంచే ఇస్తుంది. మొదట్లో తెరిచి ఉన్న తలుపులే లేవు కదా అని సమాధానం. మొదట్లో నిజమే. ఆ తరువాత ఒక్కొక్కటే తెరుస్తూ పోయేది మనమే కదా!

"రౌటరు ఉందిగా" అంటారు కొందరు. అది వీధి గుమ్మం. హాస్టల్లో, రైల్వే స్టేషను వైఫైలో ఆ గుమ్మానికి లోపల ఉన్నవారెవరో మీకు తెలుసునా? 2017 మే నెలలో వాన్నక్రై ఒక యంత్రంలో చేరితే చాలు, 445వ పోర్టు గుండా లోపలి యంత్రాలన్నిటికీ పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా దాని పాలబడ్డాయి.

ఫైర్‌వాల్ సర్వరోగనివారిణి అని నేననను. మనమే పిలిచి పీట వేసిన మోసగాణ్ణి అది ఆపలేదు. పిలవనివాణ్ణి ఆపుతుంది. అందుకోసం మనం పడవలసిన శ్రమ ఏపాటిది? విండోస్ సెక్యూరిటీలో ఫైర్‌వాల్ పుట తెరిస్తే డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు వరసలుంటాయి. మూడూ ఆన్‌లో ఉండాలి. ఏదైనా మొరాయిస్తే అదే పుటలో ఆ ఒక్కదానికే అనుమతి ఇవ్వవచ్చు. ఒక అతిథి కోసం గోడ పడగొట్టేవాణ్ణి పనివాడు అనగలమా?

మా ఇంట్లో గడియ మళ్ళీ వేశాను. ప్రింటరుకు, అదీ ఇంటి నెట్‌వర్కులో మాత్రమే, అనుమతి ఇచ్చాను. రెండు నిమిషాలు పట్టింది. ప్రింటరు ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.