పెళ్లి డీవీడీకి కత్తెర వేసే ముందు

వీడియో క్యాసెట్లు వెనకబడి డీవీడీలు వచ్చాక, 2000 తర్వాతి పెళ్లిళ్లు చాలావరకు వాటిలోనే సర్దుకున్నాయి. ఇప్పుడు అమ్మానాన్నల పెళ్లిరోజుకు పది నిమిషాల వీడియో చేద్దామని పిల్లలు బీరువాలోంచి ఆ డిస్కుల్ని తీస్తున్నారు. ఈ లోకంలో లేని తాతయ్య అందులో పందిట్లో తిరుగుతుంటాడు, ఎవరినో పేరు పెట్టి పిలుస్తుంటాడు. ఆ గొంతు ఇంకెక్కడా దొరకదు. తొందరపడితే ఎలా?

స్టూడియోవాళ్లు రాసిచ్చే డీవీడీ-ఆర్‌లో సమాచారమంతా ఒక రంగు పూత మీద ఉంటుంది. ఎండ, వేడి, తేమ దానికి పడవు. పైగా డ్రైవు డిస్కును లోపలి నుంచి బయటి అంచు వైపు రాసుకుంటూ పోతుంది. మన వేళ్లు తగిలేదేమో అంచుకే! డిస్కు నిండా పెళ్లి ఉంటే ముందు ఆగిపోయేది అప్పగింతలే కావచ్చు.

అందుకే మొదటి పని ఎడిటింగ్ కాదు, కాపీ. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు. తర్వాత డిస్కు మొత్తాన్నీ ఒకే ఐఎస్‌ఓ ఫైలుగా హార్డ్‌డిస్కులోకి తీసుకోవాలి. ఒక డ్రైవు చదవలేనిది మరో డ్రైవు చదవొచ్చు. మరీ మొండికేస్తే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. బాగున్న భాగాన్ని ముందు లాగేసి, చెడిన చోటుకు మళ్లీ మళ్లీ వెళ్తుంది.

డిస్కు తెరిస్తే కనిపించే వీఓబీ ఫైళ్లను నేరుగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పడేస్తారు చాలామంది. ఒక్కో ఫైలు 1 జీబీ దాటకూడదన్నది డీవీడీ నియమం. కాబట్టి మంత్రం సగంలో ఉన్నా సరే, ఫైలు అక్కడ తెగుతుంది. వాటిని పక్కపక్కన పేరిస్తే అతుకుల దగ్గర మాట ఒకచోట, పెదవి ఒకచోట! మేక్‌ఎంకేవీ లాంటి ప్రోగ్రాం డిస్కులోని సూచిక ఫైళ్లను చదివి, నాణ్యత తగ్గించకుండా అన్నిటినీ ఒకే వీడియోగా ఇస్తుంది. (సినిమా డిస్కులకు వేసే తాళాల గొడవ పెళ్లి డీవీడీకి ఉండదు లెండి.)

డీవీడీలో ఉండేది ఎంపెగ్-2. సుమారు 12 ఫ్రేముల్లో ఒకటే పూర్తి బొమ్మ, మిగతావన్నీ మార్పులు మాత్రమే. అందుకే కత్తిరించేటప్పుడు కంప్యూటర్ ఆయాసపడుతుంది. ప్రోరెస్ లేదా డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లోకి ఒక్కసారి మారిస్తే హాయి. ఫైలు బాగా పెరుగుతుంది, పెరగనివ్వాలి. చోటు కలిసొస్తుందని చిన్న ఎంపీ4గా నలిపి, ఎడిటింగ్ అయ్యాక మళ్లీ నలిపితే అక్షింతలు పడే చోట బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోతుంది.

మన పాల్ పద్ధతి డీవీడీ బొమ్మ 720 × 576. కెమెరా దాన్ని సరి, బేసి గీతలుగా సెకనుకు 50 సగాల్లో తీస్తుంది. టీవీలో తెలియదు కానీ, కంప్యూటర్‌లో చెయ్యి కదిలితే దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. మార్చేటప్పుడే డీఇంటర్లేస్ చేసి 50 ఫ్రేములుగా ఉంచాలి. 25కి దించితే కదలికలో సగం పోయినట్టే. ఇక 4:3 బొమ్మను వెడల్పు టీవీ నిండా సాగదీయడమెందుకు? పాపం, పెళ్లికొడుకు లావైపోతాడు. రెండు పక్కలా నలుపు ఉంటే వచ్చిన నష్టమేమీ లేదు.

కాపీలో చివరి ఐదు నిమిషాలు చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాకే పాత డిస్కును మళ్లీ కవర్లో పెట్టాలి. ఐఎస్‌ఓ ఫైలు రెండో హార్డ్‌డిస్కులోనూ ఒకటి ఉండాలి.