డూపు బండికి డూపు లేదు!

హీరో బుల్లెట్ మీద వచ్చి గుట్ట మీంచి ఎగిరి దూకుతాడు. హాల్లో ఈలలే ఈలలు! మనమూ వేశాం. దూకింది హీరో కాదనీ, హీరో చొక్కా తొడుక్కున్న డూపు అనీ ఇవాళ బడిపిల్లాడికి కూడా తెలుసు. మరి దూకిన ఆ బండి ఏమైందని ఎవరైనా అడిగారా? నేనూ అడగలేదు. పోయిన నెల చెన్నై వడపళనిలో ఒక ఇంటి మెట్ల కింద అలాంటి బండి కనబడేదాకా!

బండి యజమాని డెబ్బై ఎనిమిదేళ్ల రిటైర్డ్ ఫైటర్. తెనాలి దగ్గర పల్లె నుంచి మద్రాసు రైలెక్కిన మనిషి. ‘‘నా పేరు రాయకు నాయనా. ఏ హీరోకి చేశానో అసలే రాయకు, అభిమానులు నొచ్చుకుంటారు’’ అన్నారు. మాటిచ్చాను. కనుక మనం ‘మాస్టారు’ అనే అనుకుందాం.

1968 మోడల్ బుల్లెట్ 350. మాస్టారు 1974లో సెకండ్‌హాండ్‌లో కొన్నారు. చూస్తే బుల్లెట్‌లా ఉండదు. మడ్‌గార్డులు కురచ. హ్యాండిల్ వెడల్పు. సైలెన్సర్ పైకెత్తి ఉంటుంది. కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు ఇంత ఎత్తున చాసిస్‌కి వెల్డింగు చేసి ఉన్నాయి. ‘‘ఏమిటీ అవతారం?’’ అన్నాను. ‘‘ట్రయల్స్ బండి మోస్తరు. ఇంగ్లీషు పత్రికలో ఫోటో చూసి చేయించా’’ అన్నారు.

ట్రయల్స్ అంటే రేసు కాదండోయ్! వేగంతో పనే లేదు. రాళ్లలో, బురదలో, వాగులో మెల్లగా నడపాలి. కాలు నేలకు తగిలిందా, మార్కు పోయినట్టే. అసలు 1948లో ఇంగ్లండులో ఈ బుల్లెట్ మొదటిసారి జనం కంటబడిందే ఇలాంటి పోటీలో. స్కాట్లండులో ఆరు రోజులపాటు జరిగే పేరున్న ట్రయల్‌ని జానీ బ్రిటన్ అనే కుర్రాడు 1952లోనూ, 1957లోనూ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీదే గెలిచాడు. ఆ మధ్యలో 1955 నుంచి బుల్లెట్ మన మద్రాసులో తయారవడం మొదలైంది. అంటే మాస్టారు కొత్తగా చేసిందేమీ లేదు, బండికి దాని చిన్నతనం గుర్తుచేశారు!

సినిమావాళ్లకూ ఈ ఆటకూ చుట్టరికం పాతదే. 1963లో వచ్చిన ‘ది గ్రేట్ ఎస్కేప్’లో ముళ్లకంచె మీదుగా మోటార్‌సైకిల్ దూకే షాట్ లోకప్రసిద్ధం. తెర మీద స్టీవ్ మెక్వీన్. దూకింది మాత్రం అతని స్నేహితుడు బడ్ ఎకిన్స్. జర్మన్ బండిలా వేషం కట్టింది ట్రయంఫ్ ట్రోఫీ. మరుసటి ఏడాది ఆ స్నేహితులిద్దరూ తూర్పు జర్మనీలో ఆరు రోజుల అంతర్జాతీయ ట్రయల్‌లో కలిసి పాల్గొన్నారు.

ఇంతకీ మాస్టారి చిక్కేమిటంటే, అబ్బాయి ఫ్లాటు కొన్నాడు. కింద ఒక్క బండికే చోటు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. పాతసామాన్లవాడు కిలోల లెక్కన తూచి ఆరు వేలన్నాడు. పాతబండ్లు సేకరించే ఒకాయన వచ్చి, ‘‘కంపెనీ నుంచి వచ్చినట్టు మార్చి ఇవ్వండి, లక్షన్నర ఇస్తా’’ అన్నాడు. బాగుచేయిస్తే దండగ అని అబ్బాయి. నేను నడుపుతానని కాలేజీలో చదివే మనవరాలు. మాస్టారు మాత్రం పలకరు.

పుదుప్పేట నుంచి మెకానిక్కుని పిలిపించాం. నలభై ఏళ్లుగా బుల్లెట్లే ఆయన లోకం. తుప్పు వంకైనా చూడలేదు, ముందు ‘‘ఆర్.సి. ఉందా?’’ అన్నారు. ఉంది, గడువు దాటి ఏళ్లయింది. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే చాసిస్ నంబరూ ఇంజను నంబరూ బయటపడ్డాయి. రెండూ పుస్తకంలో ఉన్నవే! ‘‘ఇవి కలవకపోతే నేను స్పానరు తీసేవాణ్ణి కాదు’’ అన్నారు.

తర్వాత ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దారం లాగి చూశారు. చాసిస్ నిటారుగానే ఉంది. ఫోర్కులో ఒక కాలు మాత్రం వంగింది. ‘‘అది గుట్ట షాట్’’ అన్నారు మాస్టారు చిన్నగా.

కిక్కు కదలలేదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి రెండ్రోజులు వదిలేస్తే పిస్టన్ వదులైంది. సిలిండర్ విప్పి, కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని పైకీ కిందికీ లాగారు. కాస్త పక్కకి ఆడితే ఫరవాలేదట, పైకీ కిందికీ ఆడితే మాత్రం క్రాంకు మొత్తం విప్పాల్సిందేనట. ఆడలేదు! క్రాంక్‌కేసులో పగులూ లేదు. సిలిండర్‌కి ఇదివరకే రెండుసార్లు బోరు వేశారు గనుక ఈసారి కొత్త స్లీవు, కొత్త పిస్టన్. ఇంజనుకి ఇరవై నాలుగు వేలు. ఫోర్కు, బ్రేకులు, టైర్లు, వైరింగు కలిపి పదహారు. మొత్తం నలభై. తళతళలాడే క్రోమూ రంగూ కావాలంటే ఇంకో తొంభై!

‘‘నలభై పెట్టి ఒరిజినల్‌గా మార్చి లక్షన్నరకి అమ్మేద్దాం నాన్నా’’ అన్నాడు అబ్బాయి. లెక్క తప్పు కాదు. కానీ మారిస్తే ముందు కోసెయ్యాల్సింది ఆ ఫుట్‌రెస్టులు. మాస్టారు అప్పుడు నోరు విప్పారు.

‘‘ముప్పై ఏళ్లు దూకానురా. టైటిల్స్‌లో ఒక్కసారి నా పేరు పడలేదు. ఈ వెల్డింగే నా టైటిల్ కార్డు.’’

అబ్బాయి మరి మాట్లాడలేదు. కాసేపాగి, ‘‘నువ్వు మాత్రం ఎక్కకూడదు’’ అన్నాడు. తన బండిని ఆఫీసు దగ్గర పెట్టుకుని బస్సులో వస్తాడట!

ఇంకో దారి కూడా అడిగి చూశాం. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండ్లకి ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ ఉంది. కానీ చాసిస్‌లో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. పైగా ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ రోడ్డెక్కకూడదు. మనవరాలు కాలేజీకి పోవాలంటే మామూలు ఆర్.సి.నే రెన్యువల్ చేయించాలి. ఇన్‌స్పెక్షన్‌లో ఆ ఫుట్‌రెస్టుల్ని చూసి ఏమంటారో అన్న బెంగ మాత్రం అందరికీ ఉంది.

మీ ఇంట్లోనూ తాతగారి బండి ఉంటే, మిత్రులారా, క్రోము చూసి మురవకండి, తుప్పు చూసి జడవకండి. ముందు కాగితాలు, తర్వాత చాసిస్, ఆ తర్వాత క్రాంకు. ఈ మూడూ బాగుంటే మిగతాదంతా డబ్బు లెక్క. అన్నిటికంటే ముందు, బాగుచేయించేది అమ్మడానికా, నడపడానికా, ఉంచుకోవడానికా తేల్చుకోండి. అది తేలకపోతే ఎంత పోసినా వృథా. మూడింటికీ ఖర్చు వేరు, పని వేరు.

ఇది రాసే వేళకి స్లీవు వచ్చింది, పిస్టన్ రావాలి. మాస్టారు రోజూ పొద్దున్నే పుదుప్పేట వెళ్లి షెడ్డులో స్టూలు మీద కూర్చుంటున్నారు. రంగు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెడుతున్నారట! స్టార్టయిన రోజున కబురు చేస్తామన్నారు. చేస్తే మీకూ చెబుతాను.

వచ్చేవారం కలుద్దాం.