భతీజా గేమూ, బారువ తాబేళ్లూ

మొన్న సెలవులకి మా భాయ్ కొడుకు బారువ వచ్చాడు. విశాఖలో ఇంజినీరింగ్ ఆఖరి సాల్. ముగ్గురు దోస్తులతో కలిసి ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నాడు. పాత బాద్షాల జమానా లాంటి ఒక ఖయాలీ దునియా. అందులో దేవ్‌లు, దయ్యాలు, బందిపోట్లు, అర్ధరాత్రి సముద్రంలోంచి లేచి ఊరి మీద పడే రాక్షస తాబేళ్లు. "తాబేళ్ల ఐడియా మన తీరానిదే చాచా" అన్నాడు ఫఖర్‌గా. నాకూ ఖుషీ అయింది. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు.

నీలం తాబేలు, ఎర్ర తాబేలు, ఊదా తాబేలు. ఒకటి ఇల్లంత, దాని పక్కది పిల్లంత. ఎవరో రంగుల డబ్బాలు తన్నేసినట్టుంది. ఇదేంటి బేటా అంటే, "ర్యాండమ్ పెట్టాను. ఏ రెండూ ఒకేలా ఉండవు" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఏ రెండూ ఒకేలా లేవు. కానీ ఐదు నిమిషాలు చూసేసరికి నా కళ్లకి అన్నీ ఒకటే అయిపోయాయి. ఎర్రది పోయి నీలం వచ్చినా నాకు ఏ ఫరకూ తెలియలేదు. ఈ మజ్మూన్ ఆ ఐదు నిమిషాల గురించే.

నేను గేములు ఆడే మనిషిని కాను. 1990ల చివర్లో సోంపేటలో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో మాస్టారు లేనప్పుడు ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడేవాళ్లం, అంతే నా తజుర్బా. 1989లో జోర్డాన్ మెక్నర్ అనే కుర్రాడు చేసిన గేమ్ అది. తమ్ముడిని పరిగెత్తించి, వీడియో తీసి, ఆ నడకని షెహజాదాకి ఎక్కించాడు. కంప్యూటర్‌లో జాగా అయిపోయింది, కొత్త దుష్మన్‌ని పెట్టడానికి చోటు లేదు. షెహజాదా బొమ్మనే తిప్పి వాడి నీడని దుష్మన్‌గా నిలబెట్టాడు. అంతకుముందు 1985లో వచ్చిన సూపర్ మారియోలోనూ అదే కథ. ఆకాశంలో తెల్ల మబ్బు, నేల మీద పచ్చ పొద, రెండూ ఒకటే బొమ్మ, రంగే వేరు. మజ్బూరీలోంచి పుట్టిన కమాల్ అంటే అదీ.

ఇప్పుడు జాగాకి కొరత లేదు, కొరతంతా మెహనత్ చేసే చేతులకి. ఒక రాక్షసుడిని బొమ్మగా చెక్కి, చర్మం వేసి, నడిపించాలంటే ఆర్టిస్టుకి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. గేములో రెండు వందల మంది కావాలి. అందుకని ఒకే సాంచా తీసుకుని రంగు, ఎత్తు, చేతిలో గొడ్డలి, నెత్తిన టోపీ మార్చుకో అని కంప్యూటర్‌కి వదిలేస్తారు. ఇది దొంగతనం కాదు, నాకు ఏ షికాయతూ లేదు. నా షికాయత్ పాచికలు వేసే తరీఖా మీద.

భతీజాని తీసుకుని తీరానికి నడిచాను. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు మీకు తెలుసు కదా. చలికాలం చివరి నుంచి ఇక్కడి ఇసుకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూట్లో నూరు, అటూ ఇటూగా. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు. ఆ పిల్లలన్నీ ఒకటే నల్లటి బూడిద రంగు. పెద్దవయ్యాక అన్నీ ఒకటే మాసిన పచ్చ, పెంకు పొడవు రెండడుగుల పైచిలుకు. రంగులో ఖుద్రత్ పాచికలు దాదాపు వేయనే లేదు. మరి ఎక్కడ వేసింది? పెంకుకి రెండు పక్కలా ఉండే పలకల్లో. పచ్చ తాబేలుకి పక్కకి నాలుగే, లెక్క తప్పడం అరుదు. మన రిడ్లేకి ఆరు ఉండొచ్చు, ఏడు ఉండొచ్చు, ఎనిమిదీ ఉండొచ్చు. ఎడమ ఆరు, కుడి ఏడు ఉన్నవి బోలెడు. వంగి లెక్కపెట్టేవాడికే ఆ ఫరక్ కనిపిస్తుంది. లెక్కపెట్టిన తర్వాత ఆ తాబేలు మందలో ఒకటి కాదు, ఆ తాబేలే.

ఇంకో సంగతి. పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. అంటే మనకి పాచికలా కనిపించే దానికి కూడా కింద ఒక వజహ్ ఉంది. నాచు పట్టిన పెంకు, వలకి కోసుకున్న రెక్క, ఇవి ఉమర్ ఇచ్చిన నిషానీలు. గేములో ముసలి తాబేలుకీ చిన్న తాబేలుకీ ఒకటే నున్నటి పెంకు పెట్టి ఊదా రంగు పూస్తే ఎవరికి నమ్మకం కలుగుతుంది?

ఉద్దానం కొబ్బరి తోటలూ అంతే. గేముల్లో చెట్లకి ఒక్కోదాన్ని ఒక్కో వైపు తిప్పి, వంచి నాటుతారు. మంచిదే. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక మన తోటలు చూసినవాళ్లకి తెలుసు, గాలి ప్రతి చెట్టునీ విడివిడిగా అడిగి వంచదు. ఒక దిక్కు నుంచి వచ్చి వరసంతా పడగొడుతుంది, మధ్యలో ఏదో ఒకటి తల లేకుండా నిలబడి ఉంటుంది. తలో దిక్కుకి వాలిన తోట తాగుబోతుల జల్సాలా ఉంటుంది గానీ తుపాను దెబ్బ తిన్న తోటలా ఉండదు.

ఉర్దూలో ఇత్తెఫాఖ్ అంటే అనుకోకుండా జరగడం. అదే మాటకి ఒకరితో ఒకరు ఏకీభవించడం అనే మానీ కూడా ఉంది. భతీజాకి నేను చెప్పింది ఇదే: మొదటి మానీ ఒక్కటే పట్టుకున్నావు బేటా, రెండోది వదిలేశావు.

హద్దు పెట్టుకున్నవాళ్లకి ఫాయిదా ఉంది. 1984లో ఇయాన్ బెల్, డేవిడ్ బ్రాబెన్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు ఎలైట్ గేములో ఎనిమిది గెలాక్సీలు పెట్టారు, ఒక్కోదాంట్లో 256 నక్షత్రాలు. వాళ్ల లెక్కతో అంతకన్నా ఎన్నో రెట్లు పుట్టించగలిగేవారు. మరీ ఎక్కువైతే ఒకదానికొకటి నఖల్ అని తెలిసిపోతుందని ఎనిమిదితో ఆపారు. మైన్‌క్రాఫ్ట్‌లో చాలా ఏళ్ల పాటు గొర్రెల్లో నూటికి ఎనభైకి పైగా తెల్లవే పుట్టేవి, కొన్ని నలుపూ గోధుమా, గులాబీ గొర్రె ఆరు వందల్లో ఒకటి. మా ఇంట్లో పిల్లలకి గులాబీ గొర్రె కనిపించిన రోజు చేసిన హంగామా ఖుదాకే తెలుసు. అన్ని రంగులూ సమానంగా పంచి ఉంటే ఆ హంగామా ఉండేదా?

ఇంతవరకు నవ్వుతూనే మాట్లాడుకున్నాం. ఇంటికొచ్చాక బందిపోట్లని చూపించాడు. ఎడారి ముఠా. ఊరి జనంలో ఇరవై ముఖాలున్నాయి, ముసలమ్మ, సన్నటి కుర్రాడు, పళ్లు ఊడిన చౌకీదారు. బందిపోట్లు నలభై మంది, ముఖం ఒక్కటే. నల్లటి కళ్లు, పెద్ద గడ్డం, తలపాగా. చొక్కా రంగు మాత్రం ర్యాండమ్. ఎక్కడిది ఈ ముఖం అంటే కొనుక్కున్న బొమ్మల కట్టలో వచ్చిందన్నాడు. "వాళ్లు రెండు సెకన్లలో చచ్చిపోతారు చాచా, అంత మెహనత్ దేనికి?"

నాకు సోంపేటలో ఆడిన ఆట యాదికొచ్చింది. అందులోనూ తలపాగా సిపాయిలు, మనిషి ఒకడే, బట్టల రంగు వేరు. నేనెంతమందిని పొడిచానో లెక్కలేదు, ఒక్కసారీ ఏమీ అనిపించలేదు. ఆ రోజుల్లో జాగా లేదు సరే. ఈ పిల్లాడికి జాగా ఉంది. తాబేలుకి ఊదా రంగు వెతికే తీరిక కూడా ఉంది. ఎవరికి వేర్వేరు సూరత్‌లు ఇవ్వాలి, ఎవరికి ఒకటి చాలు అన్నది కంప్యూటర్ ర్యాండమ్‌గా తేల్చలేదు, మన పిల్లాడే తేల్చాడు, ఏమీ ఆలోచించకుండా. నాకు గుచ్చుకున్నది అది.

కోప్పడలేదు. గోడ మీద అబ్బా ఫోటో చూపించి, "ఈ గడ్డం, ఈ తలపాగా ఎవరివి?" అన్నాను. వాడు కాసేపు ఫోటోనీ, స్క్రీన్‌నీ మార్చి మార్చి చూశాడు. "దాదా" అన్నాడు మెల్లగా. తర్వాత ల్యాప్‌టాప్ మూసేసి నాస్తాకి లేచాడు.

విశాఖ వెళ్లిన పదిహేను రోజులకి ఫోన్‌కి బొమ్మలు పంపాడు. తాబేళ్లన్నీ మాసిన పచ్చకి వచ్చాయి, పలకలు ఆరూ ఏడూ సరిగ్గా వేశాడు. బందిపోట్లకి ఎనిమిది ముఖాలు అయ్యాయట, దోస్తులు టైం లేదని గొడవ పెడుతున్నారట. ఎనిమిదిలో ఒకడికి గడ్డమే లేదు, ఒకడు లావుగా ఉండి చేత్తో చెమట తుడుచుకుంటున్నాడు. ఒక ముసలాడు విరిగిన కళ్లజోడుకి ఒక పక్క దారం కట్టుకున్నాడు. ఆ దారం మా అబ్బాదే.