ఇంటర్వెల్ కబుర్లు: పేరు లేని మాంత్రికుడు

మా ఇంటికి కొత్త హీరోయిన్ వచ్చిందండోయ్! సన్నటి ఒళ్లు, వెండి మెరుపు, వేలు తగిలిస్తే చాలు ముఖం వెలిగిపోతుంది. తొందరపడి ఏమీ ఊహించుకోకండి, మా ఆవిడ కూడా ఈ పేజీ చదువుతుంది. నేను చెప్పేది లాప్‌టాప్ సంగతి! పాతది తెర నిండా గీతలు పడి, ఫ్యాను రోడ్డు రోలరులా మోగుతూ, పోయిన నెల ఈ కాలమ్ రాస్తుండగానే కన్నుమూసింది. పన్నెండు వాయిదాల మీద పటాన్‌చెరులో ఇది కొన్నాను. వాయిదాలు తీరేలోపు ఇదీ పాతబడుతుందని మా ఆవిడ జోస్యం. సరే, అది వేరే కథ.

కొత్త కోడలు ఇంట్లో సర్దుకోవడానికి నెల పడుతుందంటారు. ఇక్కడ సర్దుకోవలసింది మేమే అయ్యాం. ఆన్ చెయ్యగానే నీ దేశమేది అంది, నీ భాషేది అంది, ఆ తర్వాత నీ పేరేమిటి అంది. పేరు చెప్పందే లోపలికి రానివ్వదు! ఇంట్లో మొదటి తగాదా ఇక్కడే. డబ్బు కట్టేది నేను కాబట్టి నా పేరే అన్నాను. సంగారెడ్డిలో ఇంజనీరింగ్ చదువుతూ మా ఇంట్లో ఉంటున్న మా మేనకోడలు, "మామయ్యా, నా ప్రాజెక్టు కోసమని చెప్పి కొన్నావు కదా!" అని మూతి ముడిచింది. చివరికి ఇద్దరి పేర్లతో రెండు ఖాతాలు తెరిచి రాజీ పడ్డాం. ఈ పేరు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, క్లైమాక్సులో మళ్లీ వస్తుంది.

తెలుగు రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నాం. 1980లలో మన దేశంలోనే తయారైన అమరిక ఇది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. రెండు రోజులు వేళ్లు తడబడతాయి గానీ మూడో రోజుకి తబలా మీద తాళంలా కుదురుతాయి. ఇక ఫాంట్లు దించుకుంటుంటే మా మేనకోడలు ఒక్క కేక పెట్టింది. "మామయ్యా, ఎన్టీఆర్ పేరుతో ఫాంట్ ఉంది!" అవునండీ, నిజంగానే ఉంది. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఎన్టీఆర్ ఉన్నారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ ఉన్నారు. గిడుగు, గురజాడ కూడా ఉన్నారు. భువనవిజయం సభ సగం మా బల్ల మీదే కొలువుతీరిందన్నమాట!

మా మేనకోడలికి ఫాంటసీ నవలలంటే ప్రాణం. ప్రాజెక్టు మాట ఏమోగానీ, కొత్త తెర మీద ఆమె మొట్టమొదట తెరిచింది టోల్కీన్ రాసిన ఉంగరాల కథ. అంతకుముందే హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలూ నమిలి మింగేసింది. ఆ రోజు రాత్రి అన్నం తింటూ పెద్ద తీర్పు చెప్పేసింది. "మనవాళ్లు సినిమాలైతే తీస్తారు గానీ మామయ్యా, తెలుగులో ఇలాంటి నవలలు రాసినవాళ్లే లేరు."

మూల మంచం మీద నుంచి మా నాయన లేచి కూర్చున్నాడు. "ఎందుకు లేరు బిడ్డా? ఒంటికన్ను మాంత్రికుడు లేడా? నాలుగు కండ్లోడు లేడా?"

"వాళ్లెవరు తాతా?"

అప్పుడు బయటపడింది అసలు కథ. ఇన్నేళ్లలో నాకు కూడా చెప్పలేదు మహానుభావుడు!

1970 ప్రాంతం. సంగారెడ్డి దగ్గర మా పల్లె. బడి సారు ఇంట్లో పాత చందమామలు బైండు చేసి ఉండేవట. బాయిలోంచి నాలుగు బిందెలు తోడిపోస్తే గంటసేపు చదువుకోనిచ్చేవాడట సారు. అందులో ఒక సీరియల్, పేరు 'తోకచుక్క'. సమరసేనుడనే సేనాపతి, ఏకాక్షి అనే మాంత్రికుడు, వాడికి పోటీగా చతుర్నేత్రుడు. కథ మంచి పాకాన పడేసరికి బైండులో తక్కిన కాగితాలను చెదలు తినేశాయి! సమరసేనుడు బతికాడా? ఏకాక్షి ఏమయ్యాడు? అడుగుదామంటే సారుకీ గుర్తు లేదు.

తర్వాత మా నాయన పటాన్‌చెరు వచ్చి పారిశ్రామికవాడలో లేత్ మిషను ముందు ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. "రాత్రి షిఫ్టుల నిద్రొస్తుంటే ఆ కథకు ఆఖరు నేనే అల్లుకునేటోణ్ని. రోజుకో తీరు. గట్ల తెల్లారేది" అన్నాడు.

మా మేనకోడలు చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. వారం తిరిగేసరికి స్నేహితురాలి దగ్గర నుంచి పెన్‌డ్రైవు పట్టుకొచ్చింది. ఎవరో పుణ్యాత్ములు ఓపిగ్గా స్కాన్ చేసిన పాత చందమామలు! 'తోకచుక్క' 1954లో మొదలైన సీరియల్. మొదటి భాగం తెర మీద తెరిచి, రెండింతలు పెద్దది చేసి, తాతకి ముందు పెట్టింది. కంటి ఆపరేషన్ అయ్యాక సన్న అక్షరం జోలికే పోని మనిషి, పెసరగింజంత అక్షరాలు చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ పూట టీవీలో సినిమా వస్తున్నా ఎవరూ పెట్టలేదు.

ఎనిమిది రోజులు పట్టింది. ఆఖరు ఏమైందో నేను చెప్పను, మీరే చదువుకోండి. కథ ముగించి మా నాయన రెండు మాటలన్నాడు. మొదటిది: "నేను అల్లినయి గూడ తక్కువేం లేవు!" రెండోది: "ఇంతకూ ఎవరు రాసిండ్రు ఇది?"

వెనక్కి తిప్పి చూశాం. పేజీల్లో ఎక్కడా రచయిత పేరు లేదు. "గీ మూలకు చిత్ర అని ఉంది, ఆయనేనా?" అన్నాడు నాయన. కాదు, అది బొమ్మలు వేసిన చిత్ర గారి సంతకం. మేనకోడలు లాప్‌టాప్‌నే అడిగి, "దాసరి అని వస్తోంది" అంది. నేను ఎగిరి గంతేశాను. "దర్శకరత్న దాసరి నారాయణరావు గారా!" సినిమా పిచ్చోడి బుద్ధి ఎక్కడికి పోతుంది చెప్పండి? ఆయన కాదు. ఈయన దాసరి సుబ్రహ్మణ్యం.

ఇక ఆ పేరు కోసం స్కాన్ పేజీల్లో వెతకమంటే, యంత్రం ఏమీ దొరకలేదంది. స్కాన్ అంటే అక్షరాలకు తీసిన ఫోటో, యంత్రం దాన్ని బొమ్మగా చూస్తుంది తప్ప చదవదు అని మా మేనకోడలు పాఠం చెప్పింది. బాగానే ఉంది. మరి మన కళ్లు చదవగలవు కదా, మనకైనా దొరికిందా? పేరు వేసి ఉంటే కదా దొరకడానికి!

దాసరి సుబ్రహ్మణ్యం గారు 1932లో పుట్టారు. 1952లో చందమామలో చేరారు. 'తోకచుక్క' మొదలయ్యేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు నిండలేదు. అంటే మీలో చాలామంది వయసే! ఆ తర్వాత 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం'... ఇలా పాతికేళ్లకు దగ్గరగా ఒకదాని వెంట ఒకటి. పిల్లలు నెల నెలా పోస్టుమాన్ కోసం కాపు కాసేవారు. కానీ సీరియల్ మీద ఆయన పేరు వేసేవారు కాదు. ఆ పత్రిక పద్ధతి అది. అక్కడే పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు గారంతటి రచయిత కూడా అందరి కథలకూ మెరుగులు దిద్ది తెర వెనకే ఉండిపోయారు. ఇలా ఒకే గొంతుతో మాట్లాడటం వల్లే చందమామకి ఆ అందం వచ్చిందంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ గొంతులో ఇన్ని గొంతులున్నాయని మా నాయనకి యాభై ఏళ్లు తెలియలేదే!

తమాషా ఏమిటంటే, టోల్కీన్ ఉంగరాల కథ మొదటి భాగం ఇంగ్లండులో అచ్చయింది కూడా 1954లోనే! అక్కడ ఆయన పన్నెండేళ్లకు పైగా కూర్చుని, పటాలు గీసి, లేని భాషలకు వ్యాకరణం రాసి, ఒక లోకమే కట్టాడు. ఇక్కడ మద్రాసులో మన కుర్రవాడికి ఆ తీరిక ఎక్కడిది? నెల తిరిగేసరికి కొద్ది పేజీలు ఇవ్వాలి, ఆఖరి వాక్యంలో పిల్లాడి గుండె ఆగిపోవాలి, మళ్లీ నెల దాకా వాడు ఆగాలి. అది గ్రంథం అయితే ఇది ఇంటర్వెల్ బ్యాంగ్. రెండూ ఒకటేనని నేననను. అయితే తెలుగులో లేవు అనడం మాత్రం అన్యాయం. పీటర్ జాక్సన్ ఆ ఉంగరాల కథను 2001 నుంచి 2003 దాకా మూడు సినిమాలు తీస్తే, చివరిదానికి 11 ఆస్కార్లు వచ్చాయి. ప్రతి పోస్టరు మీదా టోల్కీన్ పేరు లోకమంతా తిరిగింది. 'తోకచుక్క' రాసిన మనిషి పేరు మా ఊళ్లో ఒక్కడికీ తెలియదు.

అసలు మన జానపద సినిమాకీ చందమామకీ పుట్టిల్లు ఒకటే, ఆ సంగతి తెలుసా? 1947 జూలైలో చందమామ పెట్టింది నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. 1951లో 'పాతాళభైరవి' తీసిందీ వాళ్లే. తోటరాముణ్ని, నేపాళ మాంత్రికుణ్ని మనం ఇప్పటికీ మరచిపోలేదు. ఎన్టీఆర్ పేరు చెబుతాం, ఎస్వీ రంగారావు పేరు చెబుతాం, దర్శకుడు కె.వి.రెడ్డి పేరు చెబుతాం, కలం పట్టిన పింగళి పేరూ చెబుతాం. ఎందుకంటే టైటిల్స్‌లో వేశారు కాబట్టి! విఠలాచార్య గారి పేరు పడగానే హాల్లో ఈలలు మోగేవి. 2015లో 'బాహుబలి' వచ్చినప్పుడు కథ విజయేంద్రప్రసాద్ గారిదని చిన్నపిల్లలు కూడా చెప్పారు. ఆ సినిమా పేరు చెప్పుకుని 2017లో శివగామి మీద ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో నవల రాస్తే అట్ట మీద ఆయన పేరుంది. పేరు చిన్న విషయం కాదు సుమండీ. ఒక్క పేరు లేకపోయేసరికి ఫాంటసీలు చదివే మా పిల్ల తెలుగులో రాసినవాళ్లే లేరనేసింది.

సుబ్రహ్మణ్యం గారు అర్ధశతాబ్దానికి పైగా చందమామలోనే పనిచేసి, 2010లో కన్నుమూశారు. ఇప్పుడు చందమామ కూడా రావడం లేదు. ఆయన పేరు ఈనాడు ఇలా వెతికితే దొరుకుతోందంటే అది అభిమానుల పుణ్యం. పట్టు వదలకుండా ఆరా తీసి, ఇవన్నీ ఫలానా ఆయన రాశారని లోకానికి చెప్పారు.

ఇదంతా విని మా నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేము మిషను మీద పీసు తయారుజేస్తె దాని మీద కంపెనీ పేరే పడ్తది. చేసినోని పేరు ఎవడేస్తడు? గట్లనే అనుకున్న కథలు గూడ" అన్నాడు. అని, లాప్‌టాప్ ముందుకు జరుపుకున్నాడు. "ఆయన పేరెట్ల కొట్టాలె, చూపియ్యి బిడ్డా."

మా మేనకోడలు తాత వేలు పట్టుకుని చూపించింది. ఇన్‌స్క్రిప్ట్‌లో దాసరి అని కొట్టాలంటే ఇంగ్లీషు ఓ, ఈ, ఎమ్, జె, ఎఫ్ మీటలు. సుబ్రహ్మణ్యం దగ్గర వత్తులతో చాలాసేపు కుస్తీ పట్టాడు. ముప్పై ఏళ్లు లేత్ తిప్పిన వేలు ఒక్కో మీట మీద బరువుగా పడుతుంటే నా గుండె ఝల్లుమంది, ఇంకా పదకొండు వాయిదాలున్నాయి మరి! పది నిమిషాల తర్వాత చందమామలున్న ఫోల్డరుకి పేరు పడింది. మా నాయన కంప్యూటరు మీద రాసిన మొదటి మాట అదే.

మా మేనకోడలు ఇప్పుడు టోల్కీన్‌ని పక్కన పెట్టి 'శిథిలాలయం'లో ఉంది. ప్రాజెక్టు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మా అక్కకి చెప్పకండి!

సరే మిత్రులారా, ఈ వారం మీరు సినిమాకి పోతే ఒక్క పని చెయ్యండి. హీరో పేరు పడినప్పుడు ఈల వెయ్యండి, కాదనను. ఆ తర్వాత 'కథ' అనే కార్డు పడుతుంది. అప్పుడు పాప్‌కార్న్ పొట్లం లోంచి ఒక్కసారి తల ఎత్తి ఆ పేరు చదవండి. మీ చిన్నప్పటి కథ ఏదైనా, రాసినవారి పేరు తెలియక వదిలేసింది ఉంటే ఈ రాత్రే వెతకండి. దొరికితే నాకూ రాయండి.

వచ్చే వారం మళ్లీ ఇంటర్వెల్‌లో కలుద్దాం!