బంతి పట్టేవాడి సంగతి

1991లో నింటెండోలో వచ్చిన అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్ టెక్మో సూపర్ బౌల్ ఆడేవాళ్లలో చాలామంది జట్టు కూర్చేటప్పుడు క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఆగిపోతారు. ఎదుటి జట్టు తన్నిన బంతిని పట్టుకుని పరుగెత్తే కిక్ రిటర్నర్, పంట్ రిటర్నర్ స్థానాల వైపు చూడనే చూడరు. ఇది పెద్ద పొరపాటు. ఆ చోట్ల మనకు నచ్చిన రన్నింగ్ బ్యాక్‌నో రిసీవర్‌నో పెట్టుకోవచ్చు. చూసే కొద్దిమందీ వేగం అంకె ఒక్కటే చూస్తారు. నా ఓటు మాత్రం ముందు బాల్ కంట్రోల్‌కే. అది తక్కువైతే, ముప్పై గజాలు దూసుకెళ్లినవాడు కూడా ఒక్క గుద్దుకు బంతి జారవిడుస్తాడు. అది గెంతుకుంటూ ఎదుటివాళ్ల కాళ్ల మధ్యకు పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పంట్ దగ్గర మరీ ప్రమాదం: వెనకాలే మన గోల్ లైన్! అందుకే అక్కడ కాస్త నెమ్మదైనా సరే, బంతిని గుండెకు హత్తుకునేవాడినే నిలబెడతాను.